సముద్రం పక్క చిన్న తోటలో సువాసన పింక్ గులాబీ: ఉప్పుగాలిని తట్టుకుని పొద నిండా పూయాలంటే ఏం చేయాలి

ఇల్లు సముద్రానికి దగ్గర్లో ఉంటే గులాబీ జోలికి వెళ్ళొద్దని చాలామంది చెప్తుంటారు, ఆకులు మాడిపోతాయి, మొగ్గ విచ్చుకోకుండానే రాలిపోతుంది అని. అలా జరిగే మాట నిజమే, కానీ దానికి కారణం ఎక్కువసార్లు ఉప్పు ఎటు నుంచి వస్తోందో చూసుకోకుండా మొక్క నాటేయడం. ఉప్పు మూడు దారుల్లో వస్తుంది: గాలిలో తుంపరగా వచ్చేది, బోరు నీళ్ళలో కరిగి వచ్చేది, మట్టిలో ముందే పేరుకుని ఉండేది (మనం కొని తెచ్చే కోకోపీట్ అంటే కొబ్బరి పీచు పొడి, కొన్ని ఎరువులు కూడా ఈ మూడోదాంట్లోకే వస్తాయి). మీ తోటలో ఈ మూడిట్లో ఏది ఉందో తేల్చుకుంటే ఆ తర్వాత పని మామూలు గులాబీ పెంపకమే. అందుకే ఇక్కడ నాటడం కంటే నాటే ముందు చేసే పని గురించి ఎక్కువ రాశాను, దయచేసి దాన్ని దాటేసి కిందకి వెళ్ళిపోకండి.

పొద గులాబీనే ఎందుకు అంటే, మొదట్లోంచి చాలా కొమ్మలు వస్తాయి కాబట్టి గాలికి రెండు మూడు మాడినా మిగతావి పూస్తాయి. పొడుగ్గా ఒకటి రెండు కాడల మీద పెద్ద పువ్వు పూసే హైబ్రిడ్ టీ రకాలకి ఆ వెసులుబాటు లేదు, పైగా గాలికి ఊగి ఊగి మొదలు దగ్గర మట్టి వదులై వేర్లు తెగిపోతుంటాయి.

1. ముందు ఉప్పు సంగతి

గాలి సంగతి తెలుసుకోడానికి మీటర్లేం అక్కర్లేదు. సముద్రం వైపు కిటికీ అద్దాన్ని శుభ్రంగా తుడిచి వదిలేయండి, వారంలో తెల్లటి మసక పొర పడితే ఆ గాలి మీ మొక్క మీదకి కూడా ఉప్పు తెస్తోందనే లెక్క. తోటలో ఇప్పటికే ఉన్న మొక్కల్ని కూడా ఒకసారి దగ్గరగా చూడండి. ఆకు అంచు గోధుమరంగులో కరకరలాడుతూ, లోపలి భాగం మాత్రం పచ్చగా ఉండి, అదీ చెట్టుకి సముద్రం వైపు ఉన్న ఆకుల్లోనే ఎక్కువగా ఉంటే అది గాలి ఉప్పు. అదే అంచుమాడు చెట్టు చుట్టూ అన్ని వైపులా సమానంగా, ముదురు ఆకుల్లో మొదలై పైకి వస్తుంటే ఉప్పు వేర్ల నుంచి వస్తోందని అనుమానించాలి, అంటే నీళ్ళో మట్టో చూడాలి. ఈ ఒక్క తేడా గుర్తుపడితే సగం అయోమయం తగ్గుతుంది, ఎందుకంటే గాలి ఉప్పుకి తెర కట్టాలి, వేర్ల ఉప్పుకి నీళ్ళో మట్టో మార్చాలి, ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు.

నీళ్ళకి చిన్న టీడీఎస్ పెన్ సరిపోతుంది, నీళ్ళలో కరిగిన ఉప్పుల్ని పీపీఎంలో చూపిస్తుంది. 500 లోపు వస్తే హాయిగా వాడుకోండి, 500 నుంచి 1000 మధ్య అయితే వాడొచ్చు కానీ అప్పుడప్పుడు మంచినీళ్ళతో మట్టిని కడగాలి, 1000 దాటితే ఆ నీళ్ళు గులాబీకి వద్దు. గులాబీ ఉప్పు విషయంలో సున్నితమైన మొక్క. ఇంకో సంగతి, తీరంలో బోరు నీళ్ళు ఏడాదంతా ఒకేలా ఉండవు, వానల తర్వాత బాగుండి ఎండాకాలం చివరికి ఉప్పెక్కుతాయి, కాబట్టి ఒక్కసారి కొలిచి వదిలేయకుండా ఎండలు ముదిరాక మళ్ళీ చూడండి.

మట్టికి వంటింటి వెనిగర్ పరీక్ష చేయండి. ఒక చెంచా పొడి మట్టి మీద కొంచెం వెనిగర్ పోస్తే బుసబుసమని నురగొచ్చిందంటే అందులో గవ్వల పొడి, సున్నం ఉన్నాయని. అలాంటి మట్టి పీహెచ్ (పులుపు, క్షార గుణం కొలత, 7 మధ్యస్థం) చాలాసార్లు 8 దాకా ఉంటుంది, గులాబీకి కావాల్సింది 6 నుంచి 6.5 దగ్గర. నురగ గట్టిగా వస్తే ఆ మట్టిని గంధకం వేసి దారికి తెద్దామని చూడొద్దు, సున్నం దాన్ని తినేస్తూనే ఉంటుంది, దాని బదులు ఎత్తు మడి కట్టి కొత్త మట్టి పోయడమే తెలివైన పని. తర్వాత రెండడుగుల లోతు గుంట తీసి చూడండి. అడుగున నీళ్ళు ఊరితే భూగర్భ జలం పైనే ఉందని, అప్పుడు కూడా ఎత్తు మడే, కనీసం ఒకటిన్నర అడుగు.

2. ఏ రకం తీసుకోవాలి

మీ తీరం చల్లటిదా వేడిదా అన్నదాన్ని బట్టి జవాబు పూర్తిగా మారిపోతుంది. చల్లని తీరాల్లో ఉప్పుగాలికి అన్నిటికంటే గట్టిది రుగోసా గులాబీ, అది పుట్టిందే జపాన్, కొరియా, రష్యా తూర్పు తీరాల ఇసుక దిబ్బల మీద. ముడతలు పడ్డ మందపు ఆకులు, సన్నటి ముళ్ళు కాడ నిండా, లవంగం కలిసిన ఘాటు వాసన. వాటిలో 1914 నాటి ఫ్రూ డాగ్మార్ హాస్ట్రప్ చిన్న తోటకి సరిపోతుంది, మూడు నాలుగు అడుగుల్లో ఆగుతుంది, లేత పింక్ ఒంటి రేకల పువ్వు, తర్వాత ఎర్రటి కాయలు. 1905 నాటి హాన్సా ఇంకా ఘాటుగా వాసనొస్తుంది, ముద్ద పువ్వు, ఊదా కలిసిన పింక్, కానీ మనిషెత్తు పెరుగుతుంది. రుగోసాతో ఒక జాగ్రత్త ఉంది, అది వేర్ల నుంచి పిలకలు వేసి పాకుతుంది, ఉత్తర యూరప్ తీరాల్లో ఇసుక దిబ్బల మీదకి ఎక్కి అక్కడి సొంత మొక్కల్ని కమ్మేస్తోంది, కాబట్టి మీ దగ్గర దాన్ని నాటడం మీద ఆంక్షలున్నాయేమో చూసుకుని నాటండి, దిబ్బల పక్కనే ఉంటే అసలు నాటకండి.

వేడి తీరాల్లో రుగోసా మీద డబ్బు పెట్టొద్దు, అది చలి కావాల్సిన మొక్క, వేడికి నీరసించిపోతుంది. అక్కడ నా ఓటు ఎడ్వర్డ్ రోజ్‌కి, మనలో చాలామంది పన్నీరు గులాబీ అని పిలిచేది. అది హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి నుంచి లోకానికి వచ్చిన బోర్బన్ గులాబీ, డమాస్క్ గులాబీకీ చైనా గులాబీకీ పుట్టింది, డమాస్క్ వాసన, చైనా గులాబీలా మళ్ళీ మళ్ళీ పూసే గుణం రెండూ వచ్చాయి. కొమ్మ పెడితే సులువుగా వేరు పోస్తుంది, అందుకే అంట్లు కట్టడానికి అడుగు మొక్కగా కూడా వాడతారు. పువ్వు చూడ్డానికి ఆర్భాటంగా ఉండదు, రేకులు రెండు రోజుల్లో రాలిపోతాయి, కానీ ఆ వాసన ముందు షోరూం గులాబీలు ఏవీ నిలబడవు. ఇంకొకటి 1857 నాటి డచెస్ డి బ్రాబాంట్, టీ గులాబీ (పైన వద్దన్న హైబ్రిడ్ టీ కాదు, అంతకంటే పాత పొద రకం), గిన్నెలా ఒదిగిన లేత పింక్ పువ్వు, తేమ గాలిని బాగానే తట్టుకుంటుంది.

మరీ వేడీ మరీ చలీ కాని చోట, గాలి అడ్డు బాగా ఉంటే, ఇంగ్లండ్ గులాబీ రకాల సృష్టికర్త డేవిడ్ ఆస్టిన్ 1986లో తెచ్చిన గెర్ట్రూడ్ జెకిల్ పెట్టుకోవచ్చు, ముదురు పింక్, పాతకాలం గులాబీల వాసన బాగా గట్టిగా ఉంటుంది. ఉప్పుగాలి నేరుగా కొట్టే చోట మాత్రం వద్దు.

వీలైతే అంటు మొక్క కాకుండా సొంత వేర్ల మొక్క అడగండి. తీరంలో ఏదో ఒక ఏడాది గట్టి గాలికి పొద మొత్తం మాడిపోవచ్చు, సొంత వేరు మొక్క అయితే అడుగు నుంచి వచ్చే చిగురు మీ రకమే అవుతుంది.

3. చోటు, గాలికి తెర

రోజుకి ఆరు గంటల ఎండ కావాలి, ఉదయపు ఎండ అయితే ఇంకా మేలు, రాత్రి మంచు త్వరగా ఆరి ఆకు మీద తెగులు పట్టదు. మరీ వేడి చోట మధ్యాహ్నం రెండు దాటాక కొంచెం నీడ పడితే పువ్వు రంగు వెలిసిపోదు.

గాలికి అడ్డంగా గోడ కడితే చాలనుకుంటారు, కానీ గట్టి గోడని గాలి ఎక్కి దూకి అవతలి వైపు సుడి తిరుగుతుంది, ఆ సుడిలో మొక్క ఉంటే అంతకుముందు కంటే ఎక్కువ దెబ్బ తింటుంది. కావాల్సింది సగం గాలిని వడకట్టి సగం వదిలే తెర: 50 శాతం షేడ్ నెట్, సందులున్న వెదురు తడిక, లేదా ఉప్పుని ఓర్చుకునే గుబురు మొక్కల కంచె. అలాంటి తెర తన ఎత్తుకి పది రెట్ల దూరం దాకా గాలి వేగం తగ్గిస్తుంది, బాగా రక్షణ ఉండేది మొదటి ఐదు రెట్లలోపు. అంటే ఐదడుగుల తెర ఉంటే గులాబీని దానికి నాలుగైదు అడుగుల ఎడంలో పెట్టుకోవచ్చు, మరీ ఆనించి పెడితే గాలి ఆడక బూడిద తెగులు వస్తుంది. నెట్ కట్టేటప్పుడు కర్రలు గట్టివి పాతండి, వదులు నెట్ గాలికి కొట్టుకుంటూ మొగ్గల్ని రాల్చేస్తుంది.

వాసన కోసమే గులాబీ పెడుతున్నాం కాబట్టి ఇది మర్చిపోకండి, గాలి విసురుగా ఉన్న చోట ఎంత సువాసన రకమైనా ముక్కుకి అందదు, ఎగిరిపోతుంది. నిలకడగా, కాస్త వెచ్చగా, తేమగా ఉన్న గాలిలోనే వాసన నిలుస్తుంది. గాలి మాటున ఉన్న మూల, మీరు పొద్దున్నే కూర్చునే చోటికి రెండు మూడడుగుల దూరం, పువ్వు కూర్చున్న మనిషి ముఖం ఎత్తులో, ఇది దొరికితే ఇంకేం చూడకుండా అక్కడే నాటండి.

4. మట్టి కలపడం, నాటడం

తీరం ఇసుకలో సమస్య నీళ్ళు నిలవకపోవడం, వేసిన ఎరువు కూడా నీళ్ళతో పాటు కిందకి పోవడం. అందుకని ఒక్క గుంటలోనే మంచి మట్టి నింపితే చాలదు, వేర్లు బయటికి పోకుండా అందులోనే చుట్టుకుంటాయి. రెండున్నర మూడు అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగు లోతు తవ్వి, ఆ ఇసుకలో మూడో వంతు బాగా మాగిన కాంపోస్ట్, ఇంకో మూడో వంతు తోట ఎర్రమట్టి లేదా బంక కలిసిన మట్టి వేసి కలపండి. పచ్చి పేడ, కోళ్ళ ఎరువు వద్దు, కోళ్ళ ఎరువులో ఉప్పు ఎక్కువ. కోకోపీట్ వాడితే కడిగిందా అని అడగండి, నమ్మకం లేకపోతే రెండు మూడుసార్లు మంచినీళ్ళలో నానబెట్టి పిండి వాడండి, ఆ పిండిన నీళ్ళలో టీడీఎస్ పెన్ పెట్టి చూస్తే ఎందుకు చెప్తున్నానో అర్థమవుతుంది. బీచ్ నుంచి ఇసుక తెచ్చి కలపడం మాత్రం అస్సలు వద్దు. జిప్సం గురించి చాలామంది అడుగుతారు, అది ఉప్పు పట్టి గట్టిపడ్డ బంకమట్టికి పనికొస్తుంది, దాంట్లో కాల్షియం సోడియంని తోసేసి మట్టిని గుల్ల చేస్తుంది, వట్టి ఇసుకలో వేసి లాభం లేదు.

నాటే కాలం, మీ దగ్గర ఎండ తగ్గి, గాలులు నెమ్మదించి, కొత్త వేరు పోసుకోడానికి కొన్ని వారాలు టైం ఉన్నప్పుడు. గట్టి గాలుల సీజన్‌కి ముందు నెలలో నాటొద్దు.

కుండీ మొక్కని ముందు బకెట్ నీళ్ళలో బుడగలు ఆగేదాకా ముంచండి. వేర్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే వేళ్ళతో విప్పండి. అంటు మొక్క అయితే అంటు కట్టిన చోటు, అంటే మొదట్లో ఉబ్బెత్తుగా కనిపించే ముడి, మంచు గడ్డకట్టే చోట రెండంగుళాలు మట్టి లోపలికి, మంచు లేని చోట మట్టికి కాస్త పైన ఉండాలి. మట్టి నింపుతూ చేత్తో గట్టిగా అదమండి, ఇసుకలో గాలి సందులు ఉండిపోతే వేరు ఎండిపోతుంది. ఒక బకెట్ నీళ్ళు నిదానంగా పోసి, మట్టి దిగితే ఇంకొంచెం వేసి, మొక్క ఊగకుండా చిన్న కర్ర పాతి మెత్తటి తాడుతో ఎనిమిది అంకె ఆకారంలో కట్టండి. మీద మూడంగుళాల మందం ఎండుటాకులో చెక్క ముక్కలో పరిచి, కాడకి మాత్రం నాలుగు వేళ్ళ ఎడం వదలండి.

నేల కుదరకపోతే కనీసం 45 సెంటీమీటర్ల వెడల్పూ లోతూ ఉన్న బరువైన కుండీ. కుండీలో ఉప్పు నేల కంటే త్వరగా పేరుకుంటుంది, నెలకోసారి కుండీ కొలతకి రెండింతల మంచినీళ్ళు పోసి అడుగు నుంచి బయటికి పోనివ్వండి, కింద ప్లేట్‌లో నీళ్ళు నిలవనివ్వొద్దు.

5. నీళ్ళు, ఎరువు

రోజూ కొంచెం కొంచెం చల్లడం తీరంలో చేయకూడని పని, పైపైన తడిసి ఆవిరైపోయి ఉప్పు అక్కడే మిగిలిపోతుంది. పోస్తే ఒకటిన్నర అడుగు లోతు తడిసేలా పోయండి, ఎదిగిన పొదకి పది పదిహేను లీటర్లు, మళ్ళీ వేలు రెండు కణుపుల లోతు పెట్టి పొడిగా ఉంటేనే. ఇసుకలో ఎండాకాలం రెండు మూడు రోజులకోసారి పడొచ్చు, కొత్త మొక్కకి ఇంకా తరచుగా. వాన నీళ్ళు పట్టుకునే వీలుంటే ఒక్క డ్రమ్ము అయినా గులాబీ కోసం పెట్టుకోండి, దానికి మించిన మంచినీళ్ళు లేవు.

ఎరువు విషయంలో తీరానికి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సింది పొటాష్. మామూలుగా దొరికే ఎర్ర పొటాష్ అంటే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ క్లోరైడ్ రూపం, ఉప్పు ఉన్న చోట ఇంకాస్త క్లోరైడ్ తెచ్చిపెట్టినట్టే, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ తీసుకోండి. మిగతాది వర్మీకంపోస్ట్ నెలకి రెండు గుప్పెళ్ళు, వేపపిండి ఒక గుప్పెడు, అంతే. ఇసుకలో ఒకేసారి ఎక్కువ వేస్తే పోతుంది, తక్కువ మోతాదుల్లో ఎక్కువసార్లు వేయాలి. యూరియా మోజులో పడొద్దు, ఆకులు నవనవలాడతాయి, ఆ లేత ఆకునే ఉప్పుగాలి ముందు కాల్చేది, పేనుబంక ముందు పట్టేది కూడా దాన్నే.

కొత్త ఆకులు పసుపు పచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తే అది ఐరన్ అందకపోవడం, గవ్వల మట్టిలో చాలా మామూలు. మొక్కకి అందేలా చేసిన ఐరన్ ఎరువులు రకరకాలు దొరుకుతాయి, ఇలాంటి మట్టిలో ఈడీటీఏ ఐరన్ సరిగ్గా నిలవదు, ఈడీడీహెచ్ఏ రకం ఐరన్ అడిగి తెచ్చుకోండి.

6. ఉప్పు గాలి కొట్టిన రోజు

సముద్రం వైపు నుంచి గట్టి గాలి వీచి వాన పడకుండా ఆగిపోయిన రోజే ప్రమాదం, వాన పడితే అదే కడిగేస్తుంది. గాలి ఆగిన వెంటనే మంచినీళ్ళ పైపుతో మొక్క మొత్తం, ఆకుల కింద కూడా, బాగా కడగండి, తర్వాత మొదట్లో ధారాళంగా పోసి కిందకి జారిన ఉప్పుని లోతుకి దించేయండి. ఆకు తడపొద్దు, నల్లమచ్చ తెగులు వస్తుంది కదా అని అడగొచ్చు. నిజమే, ఆ బూజు మొలవడానికి ఆకు మీద ఏడు గంటలకి తక్కువ కాకుండా తడి ఉండాలి, అందుకే పగలే కడిగితే ఆరిపోతుంది. రాత్రి పూట గాలి ఆగితే నేనైతే అప్పుడే కడగమంటాను, ఉప్పు చేసే నష్టం తెగులు కంటే వేగం.

మాడిన ఆకుల్ని చూసి ఆ మర్నాడే కత్తెర పట్టుకోవద్దు. రెండు మూడు వారాలు ఆగితే ఏ కణుపు చిగురిస్తోందో తెలుస్తుంది, అప్పుడు బతికిన కణుపు పైకి కత్తిరించండి. ఆ టైంలో ఎరువు కూడా ఆపేయండి.

7. కత్తిరింపు

ఏడాదికోసారి, కొత్త చిగురు మొదలయ్యే ముందు. మొదట ఎండినవి, తెగులు పట్టినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి తీసేసి, మిగిలిన పొదని మూడో వంతు తగ్గించండి, బయటి వైపు చూసే కణుపుకి అర సెంటీమీటరు పైన కొద్దిగా ఏటవాలుగా. కోసిన చోట మధ్యలో తెల్లగా ఉండాలి, గోధుమరంగు కనిపిస్తే ఇంకా కిందకి కోస్తూ పోండి, కొమ్మ ఎండు తెగులు అక్కడే దాక్కుని ఉంటుంది. గాలుల సీజన్ ముందు పొడుగు కొమ్మల్ని ఇంకొంచెం తగ్గిస్తే మొక్క ఊగదు. మొదటి రెండేళ్ళు మాత్రం గట్టి కత్తిరింపు వద్దు.

చిన్న తోటకి ఇంకో మంచి పద్ధతి ఉంది, బోర్బన్ రకాల పొడుగు కొమ్మల్ని కోసేయకుండా వంచి నేలకి దగ్గరగా మేకుతో కట్టేయడం. నిటారు కొమ్మ చివరే పూస్తుంది, అడ్డంగా వంచితే ప్రతి కణుపు నుంచి చిగురొచ్చి కొమ్మ పొడవునా పూలు వస్తాయి, పైగా పొద గాలికి అందని ఎత్తులో ఉంటుంది. లేత కొమ్మనే, రెండు మూడు రోజుల్లో కొంచెం కొంచెంగా వంచండి, ఒకేసారి లాగితే విరుగుతుంది.

వాడిన పువ్వుని కింద ఉన్న మొదటి ఐదాకుల కణుపు దాకా తుంచుతూ ఉంటే మళ్ళీ పూస్తుంది. రుగోసాలో కాయలు కావాలంటే చివరి పూలు వదిలేయండి. అంటు కింద నుంచి వచ్చే దొంగ కొమ్మలని కత్తిరిస్తే మళ్ళీ వస్తాయి, మట్టి తీసి పుట్టిన చోటు నుంచి లాగేయాలి.

8. పురుగులు, తెగుళ్ళు

పింక్ గులాబీకి పెద్ద తలనొప్పి తామర పురుగులు. మొగ్గ విచ్చుకోకుండా అంచులు గోధుమరంగుకి తిరిగితే ఆ మొగ్గని తెల్ల కాగితం మీద దులపండి, సన్నటి గీతల్లాంటివి పాకుతూ కనిపిస్తాయి. పాడైన మొగ్గలన్నీ కోసి సంచిలో కట్టి పారేయండి, మందు కంటే ఇదే ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే అవి రేకుల మడతల్లో ఉంటాయి, స్ప్రే అక్కడిదాకా వెళ్ళదు. ఎర్రనల్లికి ఆకుల అడుగున నీటి ధార వారానికి రెండుసార్లు, ఉప్పు కడగడంతో ఇదీ అయిపోతుంది. పేనుబంకని వేళ్ళతో తుడిచేయొచ్చు. నల్లమచ్చ ఆకులు రాలినవి రాలినట్టే ఏరేయాలి. వేపనూనె కొడితే సాయంత్రం కొట్టండి, రుగోసా మీద మాత్రం ఏ స్ప్రే కూడా కొట్టకండి, ఆకులు మాడి రాలిపోతాయి, దానికి పెద్దగా అవసరం కూడా రాదు.

9. పువ్వు కోయడం, కొమ్మ పెట్టుకోవడం

పొద్దున మంచు ఆరగానే, ఎండ ముదరకముందే కోయండి. వాసన నూనెలు రేకులోనే తయారవుతాయి, ఎండ పెరిగేకొద్దీ ఎగిరిపోతుంటాయి. మొగ్గ కింద పచ్చ రేకులు వెనక్కి మడుచుకుని, పైన రెండు మూడు రేకులు వదులైన దశలో కోస్తే ఇంట్లో విచ్చుకుంటూ రెండు రోజులు వాసనిస్తుంది. నీళ్ళు అందక వడిలిన మొక్క పువ్వుకి వాసన తగ్గుతుంది, కాబట్టి ముందు రోజు సాయంత్రం మొదట్లో నీళ్ళు పోసి ఉంచండి.

ఏడాది తిరిగాక ఒక కొమ్మ మొక్క తప్పకుండా చేసుకోండి, గాలివానకి తల్లి మొక్క పోయినా రకం మిగులుతుంది. అప్పుడే పూసి వాడిన కొమ్మ, పెన్సిల్ మందం, జానెడు పొడవు, నాలుగు కణుపులు ఉండేలా తీసుకుని, పై రెండు ఆకులు వదిలి మిగతావి తీసేసి, కింది రెండు కణుపులు కడిగిన కోకోపీట్, ముతక ఇసుక (సముద్రపుది కాదు) సగం సగం కలిపిన చిన్న కుండీలో పూడ్చండి. మీద పారదర్శక సీసా బోర్లించి నీడలో పెడితే నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో వేరు పోస్తుంది, మెల్లగా లాగి చూస్తే మట్టి పట్టుకున్నట్టు ఉంటుంది. సీసా ఒకేసారి తీయకుండా వారం పాటు రోజూ కొంచెంసేపు తీస్తూ గాలికి అలవాటు చేయండి, మొదటి ఏడాది కుండీలోనే, గాలి తగలని చోటే ఉంచి, వేర్లు అడుగు రంధ్రంలోంచి కనిపించాక నేలలో నాటుకోండి.